చేప మరచినదా, బెదరినదా?

చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదని సామెత కలదు. ఈత మాట నిజమే. అది దానికి పుట్టుకతో వచ్చిన విద్య. కాని పుట్టుకతో రాని సంగతులను చేప నేర్చుకొనగలదా, నేర్చినదానిని ఎంతకాలము నిలుపుకొనగలదు, నిలుపుకొన్నదానిని ఎందువలన కోల్పోవును అను ప్రశ్నలు నేడు కేవలము జంతుశాస్త్రజ్ఞుల కుతూహలముగా మిగిలి ఉండలేదు. ముసలితనములో మనిషికి వచ్చు మతిమరుపునకు మందు వెదకువారును, పురుగుమందులు పసిబిడ్డల మెదడునకు చేయు చెరుపును కొలువదలచినవారును చేపల తొట్టె ఎదుట కూర్చుండి లెక్కలు వ్రాయుచున్నారు. ‘ఈ పదార్థము చేప జ్ఞాపకమును చెరచినది’, ‘ఈ మొక్క సారము దానిని తిరిగి తెచ్చినది’ అను వాక్యములు పరిశోధన పత్రికలలో తరచుగా కనబడుచున్నవి. ఆ వాక్యములలోని ‘జ్ఞాపకము’ అను మాటను పరీక్ష నిజముగా సంపాదించినదా, లేక పరిశోధకుడు దానికి అప్పనముగా ఇచ్చెనా అని విచారించుట అవసరము. ఏలననగా 2021 నాటికి ప్రపంచమున 5 కోట్ల 70 లక్షలమంది మతిమరుపు రోగముతో ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. వారికిచ్చు ఆశలలో కొన్నిటికి మొదటి మెట్టు ఈ గాజుతొట్టెయే.

చేపకు మూడు సెకండ్లకు మించి జ్ఞాపకము నిలువదను మాట ఒకటి పాశ్చాత్య దేశములలో పుట్టి ఇక్కడికి కూడ వచ్చినది. దానికి ఆధారము లేదు. ఈల వినబడినంతనే మేతకు బయటికి వచ్చుట నేర్చిన ఒక జెల్లచేపను గూర్చి కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1923లో వ్రాసెను. సముద్రపు ఒడ్డున రాతిగుంటలలో నివసించు ఒక జాతి గోబీ చేప, నీరు తీసినప్పుడు ఒక గుంటలోనుండి ప్రక్క గుంటలోనికి గురి తప్పక దుమికును. పోటు వచ్చి రాళ్లన్నియు మునిగియున్నప్పుడు ఈదుచు ఏ గుంట ఎక్కడ ఉన్నదో నేర్చుకొనుటయే ఇందుకు కారణమని లెస్టర్ ఆరన్సన్ 1951లో చూపెను. ఆ నేర్పు సుమారు 40 దినములు నిలుచుననియు 1971లో ప్రకటించెను. మన చెరువులలో బంగారుతీగ అని పెంచు చేపపై ఒక డచ్చి శాస్త్రజ్ఞుడు చేసిన పని 1970లో వెలువడెను. గాలమునకు ఒక్కమారు చిక్కి విడువబడిన చేపలు ఏడాది గడచినను మరల గాలమునకు సులభముగా చిక్కలేదు. 2001లో ఆస్ట్రేలియాలోని రెయిన్‌బో చేపలు, కదలివచ్చు వలలో ఉన్న రంధ్రమును 11 నెలల తరువాత కూడ గుర్తుంచుకొని తప్పించుకొన్నట్లు తేలెను. ఏటి ఒడ్డున కూర్చుండు జాలరికి ఈ సంగతులు ఆశ్చర్యము కలిగింపవు.

కనుక చేపకు జ్ఞాపకము ఉన్నదా అను ప్రశ్న తీరిపోయినది. తీరనిది వేరొకటి. ప్రయోగశాలలో పది నిమిషములలో ముగించు పరీక్ష ఆ జ్ఞాపకమునే కొలుచుచున్నదా?

ఈ పరీక్షలలో నేడు ఎక్కువగా వాడబడునది జీబ్రాచేప. నిండుగా పెరిగినను మూడు నాలుగు సెంటీమీటర్లకు మించదు. ఒంటి పొడవునా నీలిచారలు ఉండును. పరదేశపు ప్రయోగశాలలలో పేరు పొందినను ఇది ఈ ఉపఖండపు చేపయే. గంగా, బ్రహ్మపుత్రా పరీవాహక ప్రాంతములలో నెమ్మదిగా పారు కాలువల అంచులందును, చెరువులందును, వరిమళ్లలోను తిరుగును. గంగానది చేపలను గూర్చి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గ్రంథమున ఇది మొదటిసారి వర్ణింపబడెను. అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగర్ 1981లో అచ్చముగా ఒకే జన్యువులు గల జీబ్రాచేపలను పుట్టించు విధానమును ప్రకటించిన పిదప ఇది జన్యుశాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించినది. 2013లో దీని జన్యుపటము ప్రకటితమైనప్పుడు, మనిషి జన్యువులలో సుమారు 70 శాతమునకు ఈ చేపలో కనీసము ఒక సాటి జన్యువు ఉన్నట్లు తేలెను. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో కూడ దీనిని పెంచి పరిశోధనలు చేయుచున్నారు. ఒక్క కాన్పులో వందలకొలది గుడ్లు, తక్కువ ఖర్చు, మందును నీటిలో కలిపినచో చాలు అది ఒంటికి ఎక్కుట, ఇవి దీని సుగుణములు. వీనిలో ఒక్కటియు జ్ఞాపకమునకు సంబంధించినది కాదు. ఈ చేపను ఎన్నుకొన్నది సౌలభ్యము కొరకు. దాని తెలివిని చూచి కాదు.

పరీక్షలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఆంగ్లాక్షరము ‘టి’ ఆకారమున చేసిన తొట్టె. పొడవైన కాలువ వంటి భాగము ఒకటి ఉండును. దాని కొసను ఎడమకు ఒక చేయి, కుడికి ఒక చేయి చీలును. ఒక చేతికి ఎర్ర రేకు, రెండవదానికి ఆకుపచ్చ రేకు చుట్టుదురు. ఒక చేతి చివర మేతయో, చేపకు ఇష్టమైన లోతునీటి గదియో ఉండును. కాలువ మొదట చేపను విడిచి, తలుపెత్తి, గడియారము చూతురు. కొన్ని దినముల శిక్షణ తరువాత చేప తిన్నగా మేత ఉన్న చేతిలోనికి పోవుట నేర్చును. అటుపిమ్మట పరీక్షింపవలసిన పదార్థమును ఇచ్చి, మరల విడుతురు. మొదట 30 సెకండ్లలో చేరిన చేప ఇప్పుడు రెండు నిమిషములు తీసికొన్నచో, మరచినదని తీర్పు చెప్పుదురు.

ఇది తొందరపాటు తీర్పు. ఆ 90 సెకండ్ల ఆలస్యమునకు వేరు కారణములు ఎన్నియో ఉండవచ్చును. చేపకు ఆకలి లేకపోవచ్చును. ముందునాటి మేత కొంత తొట్టె అడుగున మిగిలి ఉన్నచో అంతే చాలును. మందు వలన తోక బలము తగ్గి ఉండవచ్చును. కంటికి రంగు సరిగా ఆనకపోవచ్చును. అన్నిటికంటె పెద్దది భయము. జీబ్రాచేప గుంపులో బ్రతుకు ప్రాణి. దానిని ఒంటరిగా వలతో ఎత్తి కొత్త తొట్టెలో వేసినచో అడుగునకు దిగి, కొంతసేపు కదలక నిలిచిపోవును. దాని రక్తమున కార్టిజాల్ పెరుగును; మనిషి కలత చెందినప్పుడు పెరుగు పదార్థము కూడ అదియే. విచిత్రమేమనగా ఈ నిలిచిపోవుటనే భయమునకు కొలతగా వాడు పరీక్ష వేరుగా ఉన్నది. కొత్త తొట్టెలో వేసి, చేప ఎంతసేపు అడుగున గడపినదో చూచి, అది ఎంత బెదరినదో చెప్పుదురు. ఒక గదిలో భయమని లెక్కింపబడిన నడవడి ప్రక్క గదిలో మరపు అని లెక్కింపబడుచున్నదన్నమాట. ఈ రెండింటిని వేరుచేయు ప్రయత్నము లేని నివేదికలో జ్ఞాపకమను మాట ఉండుటకు హక్కు లేదు.

భయమునకు ఇంకొక దొంగదారి కలదు. ఫాన్ ఫ్రిష్‌యే 1938లో దీనిని బయటపెట్టెను. గాయపడిన ఒక చిన్నచేప చర్మమునుండి ఏదో పదార్థము నీటిలో కలియగానే తోటిచేపలన్నియు చెదరి పారిపోవును. జీబ్రాచేప చర్మమునందును ఇట్టి పదార్థము కలదు. ఉదయము పరీక్షింపబడిన పదవ చేప వలకు రాసుకొని చర్మము గీరుకొన్నది, నీరు మార్చలేదు, పదునొకండవ చేప వచ్చి కాలువ మొదటనే నిలిచిపోయినది. గడియారము దీనిని మరపుగా వ్రాసికొనును. మందు ఇచ్చిన చేపలను ఉదయము, ఇయ్యనివానిని సాయంకాలము పరీక్షించినచో తప్పు రెట్టింపగును. ఇట్టి వివరములు పరిశోధన పత్రములలో ‘పద్ధతులు’ అను భాగమున ఒక చిన్న వాక్యముగా ఉండును, లేదా ఉండనే ఉండవు.

లెక్కలలోను ఒక పొరపాటు జరుగుచుండును. పది చేపలను ఒకే తొట్టెలో ఉంచి, ఆ తొట్టె నీటిలో మందు కలిపి, పది ఫలితములు వచ్చినవని వ్రాయుదురు. మందు పొందినది ఒక్క తొట్టె. ఆ తొట్టె నీరు కొంచెము చల్లగా ఉన్నను, దానిలో ఒక పోట్లాటకోరు చేప ఉన్నను పదింటికి అదే చెరుపు. నిజముగా అది పదికి బదులు ఒకటియే.

భయము, ఆకలి, చూపు అను అడ్డంకులు చేపకే పరిమితములు కావు, ఎలుకలకును కలవు. ఈ చిక్కును తీర్చు దారిని చేపలపై పనిచేసిన ఎం. ఇ. బిటర్మన్ 1960 దశకములోనే చెప్పియుండెను. ఒక జంతువు ఒక పాఠమును నేర్వలేదని చెప్పుటకు ముందు ఆకలిని పెంచియు తగ్గించియు, మేత పరిమాణమును మార్చియు, ఇతర పరిస్థితులను మార్చియు చూడవలెననియు, ఏ మార్పు చేసినను లోపము పోనప్పుడే అది నేర్పులోని లోపమనుటకు వీలగుననియు ఆయన వాదము. ఇంత ఓపిక నేటి పత్రములలో అరుదు. వీడియో కెమేరాలు, చేప జాడను తామే గీయు యంత్రములు వచ్చిన తరువాత కొలతలు సెంటీమీటరులో పదవ వంతునకు చేరినవి గాని, కొలుచుచున్నది దేనినో తేల్చుట మాత్రము అందుకు తగినట్లు పెరుగలేదు.

మందుల పరీక్షలలో ఈ లోపము మరింత స్పష్టమగును. చేపకు మతిమరుపు తెప్పించుటకు ఎక్కువమంది వాడు పదార్థము స్కోపొలమీన్. ఇది ఉమ్మెత్తలో ఉండు విషములలో ఒకటి. మెదడులో ఎసిటైల్‌కోలీన్ అను రసాయనము తన పని చేయకుండ ఇది అడ్డుపడును. ఆరోగ్యవంతులైన యువకులకు స్కోపొలమీన్ ఇచ్చినప్పుడు వారి జ్ఞాపకలోపము ముసలివారి జ్ఞాపకలోపమును పోలియున్నదని డ్రాక్మన్, లెవిట్ అనువారు 1974లో ప్రకటించిరి. అప్పటినుండి ఎలుకలకు, పిమ్మట చేపలకు ఇదే విషమిచ్చి, దానిని విరుచు మందులను వెదకుట పరిపాటి అయినది. స్కోపొలమీన్ వలన జీబ్రాచేపకు కలిగిన లోపమును ఫైసోస్టిగ్మీన్ తొలగించినదని 2010లో ఒక పత్రము వెలువడినది. ఫైసోస్టిగ్మీన్ ఎసిటైల్‌కోలీన్‌ను విరుగకుండ కాపాడు మందు.

ఈ ఫలితము తప్పు కాదు. చేప మెదడునందును ఎసిటైల్‌కోలీన్ మనిషి మెదడునందువలెనే పనిచేయుచున్నదనుటకు ఇది మంచి సాక్ష్యము. కాని దీనిని ఆల్జీమర్ వ్యాధికి నమూనా అనుట వేరు. తలుపునకు గొళ్లెము పెట్టి, పెట్టిన చేతితోనే తీసి, ఇల్లు బాగుపడినదన్నట్లున్నది. ఆల్జీమర్ వ్యాధిలో నాడీకణములు కొన్ని యేండ్లమీదుగా నశించును. ఒక జాతి కణములు మాత్రమే కాదు. స్కోపొలమీన్ ఇచ్చిన చేప మెదడులో కణములన్నియు బ్రతికియే ఉన్నవి. మందు దిగిపోయినంతనే లోపము పోవును. ఇట్టి చేపతో వడపోసినచో ఎసిటైల్‌కోలీన్‌ను పెంచు మందులే మరల మరల చేతికి చిక్కును. అట్టివి ఇదివరకే ఉన్నవి. డొనెపెజిల్ అను మందు అమెరికాలో 1996లోనే అనుమతి పొందెను. అది కొంతమందికి కొంతకాలము తోడ్పడును గాని వ్యాధిని ఆపదు. 2002 నుండి 2012 వరకు ఆల్జీమర్ మందులపై జరిగిన పరీక్షలను లెక్కించినవారు 99.6 శాతము విఫలమైనట్లు 2014లో వ్రాసిరి. ఆ అపజయములు చేపల వలన కలిగినవి కావు. ఎలుకల నమూనాలదే అందులో పెద్ద భాగము. అయినను అదే బాటను మరింత చౌకగా నడచుట ముందంజ కాజాలదు.

ఇంతకును ఉమ్మెత్త తిన్నవానికి జ్ఞాపకము ఒక్కటియే చెడునా? పల్లెలలో ఆ సంగతి తెలియనివారు తక్కువ. నోరెండును, కనుపాపలు విచ్చుకొనును, గుండె వేగముగా కొట్టుకొనును, లేనివి ఉన్నట్లు తోచి చేతులతో గాలిని పట్టుకొనును. అట్టివానికి ఎక్కములు అప్పగింపుమని చెప్పి, అప్పగింపనందున మరచినాడనుట ఎంత సబబో, స్కోపొలమీన్ నీటిలో ఈదిన చేపను వెంటనే టి-తొట్టెలో విడుచుటయు అంతే సబబు. దీనికి విరుగుడులు లేకపోలేదు. మెదడులోనికి సులభముగా చొరని మిథైల్‌స్కోపొలమీన్ అను రూపము కలదు. పోలిక కొరకు కొన్ని చేపలకు దానిని ఇచ్చి చూడవచ్చును. మందును పరీక్షకు ముందుగాక, శిక్షణ ముగిసిన వెంటనే ఇచ్చి, అది ఒంటినుండి పోయిన తరువాత పరీక్షింపవచ్చును. ఈ రెండును చేసిన పత్రములకు, చేయని పత్రములకు సమానమైన విలువ కట్టుట తగదు. వేరొక మొక్క తైలమో, ఆకు సారమో ‘జ్ఞాపకమును పెంచినది’ అను వార్త దినపత్రిక కెక్కినప్పుడు చదువరి మొదట చూడవలసినది ఆ చేపకు ముందుగా ఏమి ఇచ్చిరి, ఎప్పుడు ఇచ్చిరి అనునదియే.

ఎలుకలనుండి చేపలకు పరీక్షలను యథాతథముగా దించుటలోని ప్రమాదమునకు వస్తువులను గుర్తించు పరీక్ష చక్కని నిదర్శనము. ఎలుకకు రెండు ఒకేరకపు వస్తువులను చూపి, కొంతసేపటికి ఒకదానిని మార్చి కొత్తది ఉంచినచో ఎలుక కొత్తదానినే ఎక్కువగా వాసన చూచును. పాతది జ్ఞాపకమున్నది గనుకనే కొత్తది కొత్తగా తోచినదని అర్థము. దీనినే జీబ్రాచేపపై చేసినవారు 2016లో ప్రకటించిన పత్రములో ఫలితము తలక్రిందైనది. చేపలు పాత వస్తువు దగ్గరనే ఎక్కువసేపు గడపెను. ఐదు నిమిషములు గడచినచో ఆ మక్కువయు పోయెను. వస్తువు మరీ చిన్నదైనను, మరీ పెద్దదైనను ఏ మక్కువయు కనబడలేదు. కొత్త వస్తువు శత్రువు కావచ్చునని చేప దూరముగా ఉండుటయే దీనికి కారణము కావచ్చునని ఆ పరిశోధకులు సూచించిరి. వేరే ప్రయోగములలో చేప కొత్తదానివైపే పోయినట్లు కూడ నివేదికలు ఉన్నవి. పాతదానివైపు పోయినను జ్ఞాపకమే, కొత్తదానివైపు పోయినను జ్ఞాపకమే అని ఫలితము వచ్చిన తరువాత చెప్పుట సులభము. ముందుగా ఏది ఎదురుచూచుచున్నామో వ్రాసిపెట్టుకొనని పరీక్షలో చేప ఎటు పోయినను పరిశోధకుడే గెలుచును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి చేపల పరీక్షలన్నియు పనికిరానివని తలచినచో అది అన్యాయము. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ లెవిన్, ఆయన తోటివారు 2003లో ప్రకటించిన పని చూడదగినది. క్లోరిపైరిఫాస్ అను పురుగుమందు పేరు మన పత్తిరైతులకు కొత్తది కాదు. జీబ్రాచేప గుడ్లను మొదటి ఐదు దినములు ఆ మందు కలిపిన నీటిలో ఉంచి, తరువాత మంచినీటిలో పెంచి, పెద్దవైన పిమ్మట ఎటువైపు పోవలెనో నేర్చుకొను పరీక్ష పెట్టిరి. కొన్ని గుడ్లకు మిల్లీలీటరు నీటికి 10 నానోగ్రాములు, కొన్నిటికి 100 నానోగ్రాములు. పెద్దవైన తరువాత ఆ చేపల ఒంటిలో మందు మిగిలియుండు ప్రశ్న లేదు. చిన్ననాడు మెదడునకు జరిగినదే మిగిలియున్నది. ఈ పరిశోధకులు వేగమును, సరియైన ఎంపికను వేరువేరుగా లెక్కించిరి. తక్కువ మోతాదు చేపలు నెమ్మదించెను. ఎక్కువ మోతాదు చేపలు మామూలు చేపలకంటె వేగముగా కదలెను. కాని సరియైన వైపును ఎన్నుకొనుటలో రెండు గుంపులును వెనుకబడెను. గడియారము ఒక్కటే చూచినవాడు చిన్న మోతాదు తెలివిని చెరచినదనియు, పెద్ద మోతాదు తెలివిని పెంచినదనియు వ్రాసియుండును. అట్టి వ్రాతను పట్టుకొని పురుగుమందునకు యోగ్యతాపత్రము ఇచ్చువారు కూడ ఉందురు. లెక్క రెండు పద్దులుగా వ్రాయుట వలననే సత్యము బయటపడెను. దీనికి కొత్త యంత్రమేమియు అవసరము కాలేదు.

అరువది యేండ్ల క్రిందటి పని ఒకటి ఈ విషయమున ఇప్పటికిని ఒజ్జబంతిగా ఉన్నది. మిషిగన్ విశ్వవిద్యాలయమున బెర్నార్డ్ అగ్రనాఫ్ 1964 నుండి కొన్నియేండ్లు గాజుకుండలలో అలంకారమునకు పెంచు బంగారు చేపలపై చేసిన ప్రయోగములవి. తొట్టె నడుమ నీటిలో మునిగిన గట్టు ఉండును. దీపము వెలిగిన తరువాత చేప గట్టు దాటి రెండవవైపునకు పోనిచో నీటిలో విద్యుద్ఘాతము తగులును. ఒక్క దినమున 20 మారులు ఈ పాఠము; మూడు దినముల తరువాత 10 మారులు పరీక్ష. శిక్షణ ముగిసిన వెంటనే కొన్ని చేపల పుర్రెలోనికి సూదితో ప్యూరోమైసిన్ ఎక్కించిరి. ఇది మాంసకృత్తుల నిర్మాణమును ఆపు మందు. మూడు దినముల తరువాత ఆ చేపలు పాఠమే విననివానివలె ప్రవర్తించెను.

ఇక్కడితో ఆగినచో ఇదియు పైన విమర్శింపబడిన పనులలో ఒకటి అయ్యెడిది. మందు చేపను జబ్బుపరచినదని ఎవరైన అనవచ్చును. అగ్రనాఫ్ ఆగలేదు. అదే మందును అదే మోతాదులో శిక్షణ ముగిసిన గంటకు ఇచ్చెను. పాఠము చెక్కుచెదరలేదు. సూది అదే, విషము అదే, తొట్టె అదే. మారినది గంట కాలము మాత్రమే. చూపు చెడినదనుటకు, ఈత చెడినదనుటకు, భయము పెరిగినదనుటకు ఇక చోటు లేదు. అంతేకాక శిక్షణకు ముందే మందు పొందిన చేపలు ఆ దినమున పాఠమును మామూలుగానే నేర్చి, తరువాతి దినములలో కోల్పోయెను. నేర్చుట వేరు, నేర్చినది గట్టిపడుట వేరు అని ఇంత తేటగా చూపిన ప్రయోగములు తక్కువ. ప్యూరోమైసిన్ ఎలుకల మెదడులో విద్యుత్ప్రవాహములను కూడ చెరచునని 1966లో వేరొకరు అభ్యంతరము తెచ్చిరి. మాంసకృత్తులను ఆపు వేరొక మందు, ఎసిటాక్సీసైక్లోహెక్సిమైడ్, వాడినప్పుడును బంగారు చేపలలో అట్టి ఫలితమే వచ్చినందున అగ్రనాఫ్ వాదము నిలిచినది. విద్యుద్ఘాతము తగిలిన చేపలను తలచి జాలిపడువారు ఉండవచ్చును. అది వేరు చర్చ. కాని ఒక్క చేప బాధయు వృథా పోకుండ ప్రశ్నను అల్లిన నేర్పు ఆ పనిలో ఉన్నది.

మెదడులోని భాగములను బట్టి నిజమును వేరుచేయు దారి స్పెయిన్‌లోని సెవిల్ విశ్వవిద్యాలయమువారిది. చేపల ముందుమెదడు మన మెదడువలె లోపలికి ముడుచుకొనక బయటికి విచ్చుకొని పెరుగును. అందుచేత మనిషిలో లోపలగా ఉండు హిప్పోకాంపస్‌కు సాటి అయిన భాగము చేపలో ప్రక్కలందు ఉండును. 2002లో వారు ప్రకటించిన ప్రయోగములలో ఆ ప్రక్కభాగము తీసివేయబడిన బంగారు చేపలు పరిసరముల గుర్తులను బట్టి చోటును కనుగొనుట కోల్పోయెను. అయితే చేరవలసిన చోటనే ఒక గుర్తు పెట్టినచో తిన్నగా పోగలిగెను. అనగా వానికి చూపున్నది, ఈతయున్నది, మేతపై కోరికయు ఉన్నది. లేనిది చోటుల పటము మాత్రమే. మధ్యభాగము తీసిన చేపలలో ఇందుకు మారుగా దెబ్బను తప్పించుకొను పాఠము చెడెను. ఒక లోపము ఉన్నచోట రెండవది లేదనియు, రెండవది ఉన్నచోట మొదటిది లేదనియు చూపగలిగినప్పుడు సందేహమునకు తావు చాల తగ్గును.

ఇటీవలి పరీక్షలలో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయమువారు 2021లో వివరించిన వై-ఆకారపు తొట్టె పరీక్ష ఆశాజనకము. ఇందులో మేత లేదు, దెబ్బ లేదు, మాటిమాటికి వలతో ఎత్తుట లేదు. చేపను ఒక గంటసేపు దాని ఇష్టమునకు విడిచి, ప్రతి మలుపులో ఎడమకు తిరిగెనా కుడికి తిరిగెనా అని వ్రాయుదురు. వరుసగా నాలుగు మలుపులను ఒక కట్టగా తీసికొన్నచో 16 రకముల కట్టలు ఏర్పడును. ఊరక తిరిగినచో ఒక్కొక్కటి 6.25 శాతము రావలెను. కాని ఎడమ-కుడి-ఎడమ-కుడి అను మార్చిమార్చి తిరుగు కట్టలు అంతకంటె ఎక్కువగా వచ్చెను. మనుష్యులకు ఇట్టిదే కంప్యూటరు తెరపై పెట్టినప్పుడు వారును మార్చిమార్చియే తిరిగిరి. చేపకును, మనిషికిని ఒకే ప్రశ్నపత్రము ఇయ్యగలుగుట చిన్న విషయము కాదు. భయము చాలవరకు మొదటి నిమిషములలోనే తీరిపోవుటకును గంట కాలము వీలిచ్చును. ఒక్క సందేహము మాత్రము మిగులును. మార్చిమార్చి తిరుగుటకు వెనుకటి ఒక్క మలుపు గుర్తున్న చాలును. అది జ్ఞాపకములో మిక్కిలి పొట్టిది. మనుమని పేరు మరచిన ముసలివాని లోపము ఆ కొలతకు అందునో లేదో ఇంకను చూపవలసియున్నది.

చేపనుండి రోగికి వచ్చునప్పుడు మరియొక అడ్డు కలదు. దీనిని పత్రములు ఉపోద్ఘాతమున పొగడ్తగాను, ముగింపున మౌనముగాను దాటించును. జీబ్రాచేప మెదడునకు గాయమైనచో కొత్త నాడీకణములు పుట్టి ఆ చోటు పూడును. పెద్దవాడైన మనిషి మెదడునకు ఆ శక్తి లేదు. నాడీకణములు పోవుటయే మూలమైన వ్యాధికి, పోయినవానిని తిరిగి పుట్టించుకొను ప్రాణిని నమూనాగా తీసికొన్నప్పుడు చేప కోలుకొన్నది మందు వలననా, తన స్వభావము వలననా అని అడుగక తప్పదు. ఈ ప్రశ్నకు జవాబు మందు ఇయ్యని చేపలనే వారములతరబడి మరల మరల పరీక్షించి తెలిసికొనవలెను. అందుకు కావలసినవి మరి రెండు తొట్టెలు, ఒక నెల ఓపిక, ఏ చేపకు ఏ మందు ఇచ్చిరో తెలియకుండ లెక్క వ్రాయు మనిషి ఒక్కడు.